ఆసులొచ్చినప్పుడు నక్కి కూర్చోకండి

మంచి ముక్కలు పడగానే మనవాళ్ళకి నోరు పడిపోతుంది. చేతిలో చెత్త ఉన్నప్పుడు "రెయిజ్!" అని బల్ల గుద్దిన మనిషే, రెండు ఆసులు కనపడేసరికి బుద్ధిమంతుడైపోయి, "సర్లే, కాల్" అంటూ మెల్లగా ఒక్క చిప్పు ముందుకి తోస్తాడు. మొహంలో మాత్రం పెళ్ళికొడుకు కళ. దీన్ని వాళ్ళు ట్రాప్ అంటారు. నేను పిరికితనం అంటాను. మంచి ముక్కలతో నక్కి కూర్చోవడం తెలివితేటలనే భ్రమ మన సాఫ్టువేరు జనాల్లో ఎంతగా పాతుకుపోయిందో చూశాక ఈ టపా రాయక తప్పట్లేదు.

ముందే ఒక మాట. డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడమని నేను చెప్పట్లేదు. అలాంటి ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం దేశమంతటికీ కలిపి చట్టమే చేసింది. నేను మాట్లాడుతున్నది ఇక్కడ న్యూజెర్సీలో శనివారం రాత్రి ఎవరో ఒకరి బేస్‌మెంట్లో, బిర్యానీ తిన్నాక ఆడుకునే చిన్న ఆట గురించి. పదిమంది ఇంజనీర్లు, తలా 40 డాలర్లు. చిప్పులకి విలువ లేకపోయినా, ఊరికే సరదాకి ఆడినా నేను చెప్పబోయే లెక్క మారదు.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. టెక్సస్ హోల్డెమ్‌లో ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. బల్ల మీద అందరికీ కలిపి ఐదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర్న ఒకటి (రివర్). మొదట్లో ఒకసారి, ఇవి తెరిచిన ప్రతిసారీ ఒకసారి, మొత్తం నాలుగుసార్లు పందెం నడుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు వదిలెయ్యొచ్చు, అవతలివాడు పెట్టినంతే పెట్టి కాల్ చెయ్యొచ్చు, పెంచి రెయిజ్ చెయ్యొచ్చు. ఎవరూ ఏమీ పెట్టకపోతే చెక్ చెప్పి ఊరుకోవచ్చు. మధ్యలో పోగయ్యే మొత్తం పాట్. అంతే.

ఇక విషయానికొద్దాం. ఈ నక్కే జబ్బు మనకి ఎక్కణ్ణుంచి వచ్చింది? నా ఉద్దేశంలో రమ్మీ నుంచి. మనలో చాలామందికి పేకాటంటే పదమూడు ముక్కల రమ్మీయే. పెళ్ళిళ్ళలో విడిదింట్లో, రైళ్ళలో, హాస్టల్ గదుల్లో దుప్పటి పరిచి ఆడిందే. రమ్మీలో దాచడం ధర్మం. మీకు ఏ ముక్క కావాలో పక్కవాడికి తెలిస్తే వాడు చచ్చినా పడెయ్యడు. అందుకని మొహం మామూలుగా పెట్టుకుని, ఎత్తి, పడేసి, ఎత్తి, పడేసి, ఒక్కసారిగా "షో" అంటారు. అవతలివాడి చేతిలో 80 ఉంటే 80 మీవే. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, మీరు ఎంతసేపు మౌనంగా కూర్చున్నా రావాల్సింది తగ్గదు. పాయింటు రేటు ఆట మొదలుకాకముందే ఖాయం. దాచినందుకు ఖర్చు సున్నా.

పోకర్లో అలా కాదు బాబూ! ఇక్కడ షో చేస్తే వచ్చేది అప్పటికి మధ్యలో ఉన్నది మాత్రమే. మధ్యలో ఏమీ లేకపోతే నాలుగు ఆసులు చూపించినా ఏమీ రాదు, చప్పట్లు తప్ప. పాట్ దానంతటది పెరగదు, ఎవరో ఒకరు పెంచాలి. మంచి ముక్కలున్నవాడు పెంచకపోతే చెత్త ముక్కలున్నవాడు ఎందుకు పెంచుతాడు?

ఇంజనీర్లం కదా, కొంచెం లెక్క చూద్దాం. ఫ్లాప్ తెరిచేసరికి పాట్‌లో 100 చిప్పులున్నాయి. మీరూ, ఇంకొకరూ మిగిలారు. మీరు ప్రతిసారీ పాట్ ఎంత ఉంటే అంత పెట్టారు, అతను కాల్ చేశాడు. 100 కాస్తా 300, 300 కాస్తా 900, 900 కాస్తా 2700 అవుతుంది. అంటే అతని జేబులోంచి వచ్చింది 100 + 300 + 900, మొత్తం 1300. ఇప్పుడు ఫ్లాప్‌లో 'ట్రాప్' వేసి చెక్ చెప్పారనుకుందాం. మిగతా రెండుసార్లు మాత్రం అలాగే పెట్టారు. అతను పెట్టేది 100 + 300, అంటే 400. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఊరుకున్నందుకు 900 చిప్పులు పోయాయి. మూడో వంతు పని మానేస్తే మూడో వంతు జీతం పోతుందనుకుంటాం. ఇక్కడ మూడింట రెండొంతులకి పైగా పోయింది. పాట్ పెరిగేది కూడికలో కాదు, గుణకారంలో. ఈ మాట మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, రోజూ ఆఫీసులో అల్గారిదమ్‌ల గురించి వాదించుకునేది దీని గురించే కదా!

"ఏముంది, తర్వాత ఒకేసారి గట్టిగా పెడతా" అంటారు. పెట్టండి. ఆ 1300 రెండుసార్లలోనే రాబట్టాలంటే ప్రతిసారీ పాట్‌కి రెండింతల కంటే ఎక్కువ పెట్టాలి. అప్పటిదాకా మౌనవ్రతంలో ఉన్న మనిషి హఠాత్తుగా పాట్‌కి రెండింతలు తోస్తే అవతలివాడికి తెలియదా? కాల్ చేసేముందు వాడు ఓసారి మీ మొహంలోకి చూస్తాడు. పెళ్ళికొడుకు కళ కనపడుతుంది. ఫోల్డ్ :-)

మా శనివారం బల్ల మీద నా కళ్ళముందు జరిగిన ఆట ఒకటి చెప్తాను. ఒకాయనకి మొదటే రెండు ఆసులు. రెయిజ్ చెయ్యలేదు, ఊరికే కాల్. ఇంత చవగ్గా దొరుకుతుంటే ఎవరు వదులుతారు? ఆరుగురు లోపలికొచ్చారు. ఫ్లాప్‌లో ఇస్పేటు తొమ్మిది, ఇస్పేటు ఎనిమిది, డైమన్ నాలుగు. ఈయన మళ్ళీ చెక్. మిగతా అందరూ చెక్. టర్న్‌లో ఐదు పడింది. బిగ్ బ్లైండ్‌లో ఉన్నతను పందెం కాశాడు. మనాయన వలలో చేప పడిందన్న ఆనందంతో పెంచాడు, అతను ఇంకా పెంచాడు, చివరికి 40 డాలర్లూ మధ్యలోకి వెళ్ళిపోయాయి. అతని చేతిలో తొమ్మిది, ఐదు. రెండు జతలు. "మూడు నెల్లుగా ఆసులు నాకు అచ్చిరావట్లేదు మావా" అని ఆయన వాపోయాడు.

అచ్చిరాకపోవడం ఏమిటి? తొమ్మిది-ఐదుతో ఉన్న మనిషి ఆ ఆటలో ఉండాల్సినవాడే కాదు. మొదట్లో ఒక్క రెయిజ్ పడి ఉంటే మారుమాట్లాడకుండా ముక్కలు పారేసేవాడు. ఆయన్ని తలుపు తీసి లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, రెండు జతలు చేసుకునేదాకా ఉచితంగా ముక్కలు చూపించి, ఆ తర్వాత అదృష్టాన్ని తిట్టుకుంటే ఎలా? చేతిలో రెండు ఆసులు పడేది 221 ఆటల్లో ఒకసారి. గంటకి 25 ఆటలు పంచుకుంటే తొమ్మిది గంటలకి ఒకసారి, అంటే మా లెక్కలో రెండు శనివారాలకి ఒకసారి. దాంతో చేసే పని ఇదా?

ఇక్కడ రెండో రకం మహానుభావుల గురించి కూడా చెప్పాలి. వీళ్ళు నక్కరు. ఆసులు పడగానే ఉన్నదంతా ముందుకి తోసేసి "ఆల్ ఇన్" అంటారు. అందరూ దణ్ణం పెట్టి వదిలేస్తారు. బ్లైండ్లు మూడు చిప్పులు వస్తాయి. "ఎక్కువమంది ఉంటే ఆసులు ఓడిపోతాయి కదా, అందుకే తరిమేశా" అంటారు. సగమే నిజం. ఏ ముక్కలున్నా సరే ఒక్కడితో తలపడితే ఆసుల జత నూటికి 85 సార్లు గెలుస్తుంది. ఇద్దరైతే 73. ఐదుగురైతే దాదాపు 49. గెలిచే అవకాశం తగ్గుతుంది, ఒప్పుకుంటా. కానీ ఐదుగురూ మీతో సమానంగా డబ్బు పెడితే, ఆరో వంతు పెట్టి సగం పాట్‌కి హక్కుదారయ్యారన్నమాట. అంతకంటే మంచి బేరం ఏముంటుంది?

కాబట్టి జనం ఎక్కువైతే నష్టమూ కాదు, తక్కువైతే లాభమూ కాదు. జనం డబ్బు పెట్టకుండా ముక్కలు చూడటమే నష్టం. ఆరుగురు తలా 2 చిప్పులతో లోపలికొస్తే పాట్ 12, అందులో మీ వాటా దాదాపు 6, మీరు పెట్టిన 2 పోగా లాభం 4. అదే మీరు 10కి రెయిజ్ చేసి ఇద్దరు కాల్ చేస్తే పాట్ 30, మీ వాటా 22, మీ పది పోగా 12. కాల్ చేసేవాళ్ళ ముక్కలు కాస్త మెరుగ్గానే ఉంటాయి కాబట్టి ఇందులో కొంచెం తగ్గించుకోండి. అయినా మూడింతలకి దగ్గర్లోనే ఉంటుంది. రెయిజ్ అనేది కర్ర కాదు, టికెట్టు. మనుషుల్ని తరమడానికి కాదు, లోపలికొచ్చేవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చెయ్యడానికి.

టికెట్టు లేకుండా చూపించే ముక్క ఎంత ఖరీదో కూడా చూద్దాం. ఫ్లాప్‌లో రెండు ఇస్పేట్లున్నాయి, అవతలివాడి చేతిలో ఇంకో రెండు. ఐదోది పడితే ఫ్లష్. వాడికి కనపడని 47 ముక్కల్లో 9 ఇస్పేట్లు. టర్న్‌లోనే పడే అవకాశం నూటికి 19. మీరు చెక్ చెప్తే ఆ 19 వాడికి ఉచితం. పాట్‌లో 100 ఉన్నప్పుడు మీరు 50 పెట్టారనుకోండి. వాడు 150 కోసం 50 పెట్టాలి. కిట్టుబాటు కావాలంటే నూటికి 25 సార్లు గెలవాలి, వాడికున్నది 19. తర్వాతి పందాల సంగతి పక్కన పెడితే, కాల్ చేసిన ప్రతిసారీ సగటున 12 చిప్పులు వాడు మీకు దానం చేస్తున్నట్టే. వాడు దానం చేస్తానంటుంటే మీరు మొహమాటపడటం దేనికి?

"మరి పెద్ద పెద్ద ఆటగాళ్ళు చెయ్యట్లేదా?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. సాక్ష్యంగా జానీ చాన్‌ని పట్టుకొస్తారు. 1988 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్, ఆఖరి ఆట. చాన్‌కి ఫ్లాప్‌లోనే స్ట్రెయిట్ కుదిరింది. ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. రాణుల జత ఉన్న ఎరిక్ సైడెల్ చివరికి ఉన్నదంతా పెట్టేశాడు. చాన్‌కి వరసగా రెండో టైటిల్. 1998లో వచ్చిన రౌండర్స్ సినిమాలో ఆ వీడియో చూపించారు. అప్పట్నించీ బేస్‌మెంట్లో కూర్చున్న ప్రతివాడూ జానీ చానే.

కానీ ఆ ఆటలో బల్ల దగ్గరున్నది ఎంతమంది? ఇద్దరే. అవతలున్నది ఎవరు? వదిలేస్తే తనంతట తనే పందెం కాసే మనిషి. మీ బల్ల దగ్గరున్నది ఆరుగురు. అందులో నలుగురు తమంతట తాము పైసా పెట్టరు, కానీ మీరు పెడితే "చూద్దాంలే" అని రివర్ దాకా కాల్ చేస్తారు. పందెం కాసేవాడికి తాడు వదలాలి, కాల్ చేసేవాడికి బిల్లు ఇవ్వాలి. చాన్ తన ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఆడాడు. మనవాళ్ళు సినిమా చూసి ఆడుతున్నారు.

ఈమధ్య ఇంకో వాదన మొదలైంది. మన వృత్తికి దగ్గర కాబట్టి మరీ ముద్దొస్తుంది. "కంప్యూటర్ కూడా అప్పుడప్పుడు మంచి ముక్కలతో చెక్ చెప్తుంది కదా!" నిజమే. 2017లో కార్నెగీ మెలన్ వాళ్ళ లిబ్రాటస్ నలుగురు ప్రొఫెషనల్స్‌తో 1,20,000 ఆటలాడి ఓడించింది. 2019లో ప్లూరిబస్ ఆరుగురి ఆటలో కూడా గెలిచింది. ఇవాళ సాల్వర్ ప్రోగ్రాములు ఎవరైనా నడుపుకోవచ్చు. వాటిలో మంచి ముక్కలతో కొన్నిసార్లు చెక్, కొన్నిసార్లు కాల్ కనపడతాయి. కానీ ఎందుకు? సాల్వర్ అవతల తనంత తెలివైనవాడు ఉన్నాడనుకుని ఆడుతుంది. తను చెక్ చెప్పిన ప్రతిసారీ చేతిలో ఏమీ లేదని తెలిసిపోతే, వాడు ప్రతి చెక్ మీదా దాడి చేస్తాడు. ఆ దాడి ఆపడానికి కొన్ని మంచి ముక్కల్ని చెక్‌ల మధ్య కాపలా పెడుతుంది. ఇప్పుడు చెప్పండి, మీ బల్ల దగ్గర మీ చెక్‌లని లెక్కపెట్టి దాడి చేసేవాడు ఎవడున్నాడు? అక్కడున్నాయన ఒక చేత్తో సమోసా, ఒక చేత్తో ముక్కలు పట్టుకుని, ఎనిమిదుల జత పట్టుకుని మూడు పందాలు కాల్ చేస్తాడు. లేని శత్రువు మీద ఫైర్‌వాల్ కట్టి, ఆ ఖర్చుని మీరే భరిస్తున్నారు. రిక్వైర్‌మెంట్ చదవకుండా కోడ్ కాపీ కొట్టడమంటే ఇదే.

అయితే ఎప్పుడూ రెయిజేనా, కాల్ అసలు వద్దా అంటే, అలా ఎవరన్నారు? నేను కాల్ చేసే సందర్భాలు మూడున్నాయి.

ఒకటి, ముక్కలన్నీ మీ దగ్గరే ఉండి అవతలివాడికి ఏమీ మిగలనప్పుడు. మీ చేతిలో రెండు రాణులు, ఫ్లాప్‌లో ఇంకో రెండు రాణులు, ఒక ఐదు. నాలుగు రాణులూ మీవే. ఇప్పుడు పెడితే ఎవడు కాల్ చేస్తాడు? వాళ్ళకి ఒక జతైనా కుదరనివ్వండి. ఉచితంగా ముక్క చూపించినా మీకు వచ్చే ప్రమాదం దాదాపు ఏమీ లేదు. డేవిడ్ స్క్లాన్‌స్కీ 'ద థియరీ ఆఫ్ పోకర్'లో నక్కి ఆడటానికి పెట్టిన షరతులు దాదాపు ఇవే: చేతిలో ఉన్నది మామూలు మంచి కాదు, మహా బలంగా ఉండాలి, ఉచిత ముక్క అవతలివాడిని రెండో స్థానం దాకా తేవాలి గానీ మిమ్మల్ని దాటించకూడదు, ఇప్పుడు పెడితే అందరూ పారిపోయేలా ఉండాలి, పాట్ అప్పటికే పెద్దదై ఉండకూడదు. మనవాళ్ళు వీటన్నింటినీ తుడిచేసి 'నక్కు' అన్న ఒక్క మాట గుర్తుపెట్టుకున్నారు.

రెండు, అవతలివాడు బ్లఫ్ చేసే అలవాటున్న మనిషై, బల్ల మీద భయపడాల్సింది ఏమీ లేనప్పుడు. మీకు ఏడుల జత, ఫ్లాప్‌లో రాజు, ఏడు, రెండు, మూడూ మూడు రంగులు. ఫ్లష్ దారిలో ఎవరూ లేరు, స్ట్రెయిట్ దారిలోనూ లేరు. వాడు పందెం కాశాడు. రెయిజ్ చేస్తే బ్లఫ్ అక్కడితో చచ్చిపోతుంది. కాల్ చేసి ఇంకోసారి కాయనివ్వండి. కానీ వాడు రాజు చేతిలో ఉంటే జన్మలో వదలని రకమైతే మాత్రం రెయిజే.

మూడు, రివర్‌లో. ఇది అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిది కూడా. మీ చేతిలో ఆసు, రాజు. బల్ల మీద రాజు, తొమ్మిది, ఆరు, రెండు, చివర్న ఇంకో ఆరు. అప్పటిదాకా మీ పందాలకి కాల్ చేస్తూ వచ్చిన నెమ్మదస్తుడు రివర్‌లో తనే పెద్ద పందెం కాశాడు. మీకు రాజుల జత, పక్కన ఆసు. మంచి ముక్కలే. కానీ రెయిజ్ చేస్తే ఏ ముక్కలతో కాల్ చేస్తాడు? ఆరు ఉన్నవాడు చేస్తాడు, మిమ్మల్ని ఓడిస్తాడు. మీకంటే తక్కువున్నవాడు వదిలేస్తాడు. రివర్‌లో రూలు ఒకటే: మీ రెయిజ్‌కి కాల్ చేసే ముక్కల్లో సగానికి పైగా మీకంటే తక్కువవైతేనే రెయిజ్. ఎంతమంది ఫోల్డ్ చేస్తారన్నది కాదు, కాల్ చేసేవాళ్ళలో ఎంతమందిని గెలుస్తారన్నదే లెక్క. తమాషా ఏంటంటే, ఫ్లాప్‌లో నక్కి కూర్చున్న మనిషే రివర్‌కొచ్చేసరికి ఆవేశపడి ఇలాంటిచోట రెయిజ్ చేస్తాడు. పెంచాల్సినచోట పెంచడు, ఆగాల్సినచోట ఆగడు.

అంటే మొత్తం మీద అడగాల్సినవి రెండే ప్రశ్నలు. నేను పెంచితే నాకంటే తక్కువ ముక్కలతో కాల్ చేసేదెవరు? పెంచకపోతే నా కొంప ముంచే ముక్క ఏది? రెండిటికీ జవాబులుంటే పెంచండి. రెండిటికీ లేకపోతే ఊరుకోండి. ఒకదానికే ఉంటే ఎదురుగా ఉన్న మనిషిని చూడండి.

ఇంత చిన్న విషయం ఇంతమంది చదువుకున్నవాళ్ళకి ఎందుకు ఎక్కట్లేదంటే, నక్కడంవల్ల వచ్చే నష్టం కంటికి కనపడదు. ఆసులతో పెంచినప్పుడు అందరూ వదిలేస్తే కడుపు మండుతుంది, అది కనపడుతుంది. ట్రాప్‌లో ఒకడు పడితే ఆ కథ ఆరు నెలలు చెప్పుకుంటాం, అదీ కనపడుతుంది. కానీ 1300 రావాల్సినచోట 400 వస్తే? గెలిచాం కదా! చిప్పులు లాక్కుని సంతోషంగా పేర్చుకుంటాం. రాని 900 ఏ లాగ్‌లోనూ నమోదు కాదు. క్రాష్ అయిన ప్రోగ్రామ్‌ని అందరూ పట్టించుకుంటారు. తప్పు జవాబుతో సజావుగా నడిచే ప్రోగ్రామ్‌నే ఎవరూ పట్టించుకోరు, ఏళ్ళ తరబడి అలాగే నడుస్తుంటుంది.

ఓడిపోయినప్పుడు అదృష్టాన్ని తిట్టేవాళ్ళని నేనేమీ అనను, ఆ మాత్రం హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ గెలిచినప్పుడు ఎంత గెలవాల్సి ఉందో లెక్కేసుకోనివాడు మాత్రం పోకర్ ఆడుతున్నట్టు కాదు. వాడు ఇంకా రమ్మీయే ఆడుతున్నాడు, ముక్కలే తక్కువ.